బీట్ బజార్ జాపత్రి సీసా, బండా దీవులు, పద్నాలుగు మందిమి ఎక్కిన కట్టె ఓడ

మా బాపుకు వరంగల్ బీట్ బజార్ల కిరాణం దుకాణం. ఇప్పుడు తమ్ముడు చూసుకుంటుండు గని పొద్దుగాల పోయి గల్లా దగ్గర కూసోకపోతే మాత్రం బాపుకు చాయ్ దిగది. ఆ గల్లా పక్కన ఒక గాజు సీసా ఉండేది, మూత బిర్రుగ, అండ్ల జాపత్రి. లవంగాలు, ఇలాచీలు, చెక్క అన్నీ డబ్బాలల్ల ఉంటయి, మేం చిన్నప్పుడు అటిటు పోతూ రెండు నోట్లె ఏసుకుంటే ఏమనకపోయేది, జాపత్రి సీసా మాత్రం ముట్టనిచ్చేటోడు కాదు. పెళ్లిళ్ల సీజన్ల వంట మాస్టర్లు చీటీ పట్టుకొని వస్తే అన్నిటికంటే కింద రాసుండేది జాపత్రి అని, దాన్ని చిన్న తరాజుల తూచేటోడు. బాపూ ఇది ఏ చెట్టుకు కాస్తది అని అడిగితే "కాసుడు కాదురా, పువ్వు అది. సముద్రం అవుతల దేశంల పూస్తది" అన్నడు. నలభై ఏండ్లు ఆయన గదే చెప్పి అమ్మిండు, నేను గూడ గదే నమ్మిన.

పోయిన అక్టోబర్ల ఆ సముద్రం అవుతలికి పోయొచ్చిన, అందుకే ఈ పోస్టు.

ఇండోనేషియాల తూర్పు దిక్కు, భూమధ్య రేఖకు కొద్దిగ కింద, బండా దీవులని ఉన్నయి. చిన్న చిన్న దీవులు, మ్యాపుల జూమ్ చేస్తే గని కనవడయి. జాజికాయ చెట్టు సొంత ఊరు అదే, ఒకప్పుడు ప్రపంచానికి జాజికాయ, జాపత్రి మొత్తం అక్కడినుంచే పోయేది. అక్కడ పెద్ద క్రూజ్ షిప్పు ఎక్కి డ్యాన్సులు చూసుకుంట పోవాలని నాకు లేకుండె, అందుకే చిన్న ఓడ బుక్ చేసిన. ఎక్స్‌పెడిషన్ క్రూజ్ అని పెద్ద పేరు పెడ్తరు గని చూడడానికి అది రెండు తెరచాప స్తంభాలున్న కట్టె ఓడ. పినిసి అంటరు దాన్ని, సులవేసి దీవి దక్షిణం దిక్కు సముద్రపు ఒడ్డున ఇసుకల నిలబెట్టి చేత్తోని కడ్తరు, ఆ ఓడలు కట్టే విద్యకు 2017ల యునెస్కో గుర్తింపు కూడ వచ్చింది. పైసల సంగతి అడగకుండ్రి, ఒక సెకండ్ హ్యాండ్ కారు వచ్చేది. మా ఆవిడకు ఇప్పటికీ సగమే చెప్పిన, ఈ బ్లాగు ఆమె చదవదన్న ధైర్యంతోని రాస్తున్న.

హైదరాబాద్ నుంచి జకార్తా, ఆడినుంచి రాత్రి ఫ్లైట్ల అంబన్. వీసా జకార్తాల దిగినంకనే ఇస్తరు, ఐదు లక్షల రుపియా అంటే ఒక్క నిమిషం గుండె జారింది, మన పైసలల్ల మూడు వేల లోపే. అంబన్‌ల దిగేసరికి మనకంటే మూడున్నర గంటలు ముందుంటది టైము, నేను దిగిన గని నా బ్యాగు దిగలే. ఏ ఎయిర్‌లైన్సో పేరెందుకులే, కౌంటర్ల పిల్ల మంచిగ నవ్వుకుంట ఒక ఫారం ఇచ్చింది, బ్యాగు రేపొస్తది సార్ అన్నది, మా ఓడనేమో సాయంత్రమే బయల్దేరుతది. అమ్మ పెట్టిచ్చిన మామిడికాయ తొక్కు, బట్టలు, ఈత చెడ్డీ అన్నీ అండ్లనే. చేతి సంచిల సకినాల ప్యాకెట్, కక్కులు రాకుండ ఏసుకునే ఎవోమిన్ గోలీలు, ఫోన్ ఛార్జర్ మిగిలినయి. అంబన్ బజార్ల రెండు లుంగీలు, ఒక చెడ్డీ, మూడు బనియన్లు కొనుక్కొని ఓడెక్కిన. తొమ్మిది రోజులు గవే.

ఓడెక్కంగనే చెప్పులు ఒక బుట్టల ఏయించుకున్నరు, మళ్లా దిగేదాక ఓడల అందరం వట్టికాళ్లే. పద్నాలుగు మందిమి మేము, పదిహేడు మంది పనోళ్లు. రూము మా దుకాణంల స్టాక్ గదంత ఉంటది, గుండ్రటి చిన్న కిటికీ, మంచం మీద లేస్తే తల తాకుతది. నీళ్లు సముద్రం నీళ్లనే ఓడల ఉప్పు తీసి వాడ్తరు, అందుకే స్నానం జర తొందరగ కానియ్యాలె. తెరచాపలు ఫోటోల కోసం రెండుసార్లు ఎత్తిండ్రు, మిగతాదంత డీజిల్ ఇంజనే. ఇది ముందే తెలుసుకొని పోతే మంచిది.

అంబన్ నుంచి బండాకు 200 కిలోమీటర్ల పైచిలుకు, రాత్రంతా నడుస్తది. అక్టోబర్ల రెండు ఋతుపవనాల నడుమ సముద్రం నెమ్మదిగ ఉంటదని గీ టైము పెట్టుకుంటరు. నెమ్మది అంటే వాళ్ల లెక్కల నెమ్మది. నేను చూసిన పెద్ద నీళ్లంటే పాకాల, లక్నవరం, రామప్ప చెరువు, గాలొస్తే మీద జర ముడుతలు పడ్తయి అంతే. ఈడ రాత్రి పదకొండు దాటినంక మంచం ఒకపారి అటు ఒకపారి ఇటు లేవవట్టింది, కడుపుల పేగులు నోట్లెకొచ్చినయి. గోలి ఏసుకున్న, అది కూడ బయటికొచ్చింది. డెక్ మీదికి పాక్కుంట పోతే వంటపిలగాడు చూసిండు, చిన్న సీస తీసి నా గొంతుకు, కడుపుకు ఏదో తైలం రుద్దిండు, నీలగిరి తైలం లెక్క వాసన. కాయు పుతీ అంటరట, గా చుట్టుపక్కల దీవులల్లనే తీస్తరు. దూరంగ చూడు, దగ్గరివి చూడకు అని చేత్తోని చూపిచ్చిండు. చీకట్ల దూరమేముంటది చూడడానికి, చుక్కలను చూసుకుంట పన్న.

అట్ల పండుకున్నప్పుడు మోటుపల్లి శాసనం యాదికొచ్చింది నాకు. గణపతిదేవుడు 1244 ప్రాంతంల చీరాల దిక్కున్న మోటుపల్లి రేవుల ఏయించిన అభయ శాసనం. బడిల చదువుకున్నప్పుడు రెండు మార్కుల ప్రశ్న అది. వెనుకటి రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంత గుంజుకునేటోళ్లు, మేం గట్ల చెయ్యం, సుంకం తప్ప ఇంకేం ముట్టం, ప్రాణం కంటె పైసలే గొప్పనుకొని సముద్రం మీద వచ్చేటోళ్లకు ఇది మా అభయం, అని దాని సారం. ఓరుగల్లు కోటల కూసున్న రాజుకు, సముద్రం కనవడని ఊరు మనది, ఓడల మునిగేటోని బాధ ఎట్ల తెలిసిందా అని అప్పుడనిపిచ్చింది. వ్యాపారుల మాట బుద్ధిగ విన్నట్టుండు. ఇంకో పది నిమిషాలకు మళ్లా కక్కిన, చరిత్ర గిరిత్ర అంతా పోయింది.

తెల్లారంగ ఇంజన్ చప్పుడు తగ్గింది. కండ్లు తెరిస్తే ఎదురుంగ గునుంగ్ అపి, అగ్నిపర్వతం, నీళ్లల్లకెల్లి సక్కగ లేచినట్టు ఆరొందల మీటర్ల పైనే ఉంటది. దానికి అవుతల బండా నైరా ఊరు, నడుమ సన్నటి నీళ్ల పాయ. గాలిల ఏదో వాసన, గరం మసాలా అనను, మా దుకాణం పొద్దున షట్టర్ లేపంగ వచ్చే వాసన. ఇది నా భ్రమే కావొచ్చు, రాత్రంతా కక్కినోనికి ఏదైన వాసనొస్తది.

రబ్బరు పడవల బండా బెసార్ అనే దీవికి తీసుకపోయిండ్రు. చిన్న ఓడతోని లాభం గిదే, రేవు లేని కాడ కూడ మోకాళ్ల లోతు నీళ్లల్ల దిగి నడిచిపోవచ్చు. పైకెక్కితే కెనారి చెట్లు, మన మర్రి లెక్క పెద్దయి, మొదలు కాడ గోడలు లేచినట్టు వేర్లు, వాటి నీడల జాజికాయ చెట్లు. ఎండ పడితే చిన్న చెట్లు తట్టుకోవని గట్ల పెంచుతరు. ఒక పెద్దాయన పొడుగు వెదురు కట్టెకు చివర్ల చిన్న బుట్ట కట్టుకొని కాయలు తెంపుతుండు. ఒకటి నా చేతుల పెట్టిండు. పసుపు రంగు, చిన్న జామకాయంత, పండినంక దానంతటదే నడిమికి పగుల్తది. పగులుల వేలు పెట్టి విప్పితే లోపల నల్లటి మెరిసే గింజ, దాని చుట్టూ ఎర్రటి వల. ఎరుపంటే మన ఏనుమాముల మార్కెట్ల చపాట మిర్చి కుప్ప మీద ఎండ పడ్డప్పటి ఎరుపు, ఇంక తడిగ, రబ్బరు లెక్క. గదే జాపత్రి. పువ్వు కాదు. గింజను పట్టుకోనున్న పొర. దాన్ని చింపకుండ మెల్లగ ఒలిచి చాపల మీద ఎండబెడ్తరు, ఎండిన కొద్దీ ఎరుపు పోయి మా సీసల ఉండే ఆ కాషాయం రంగొస్తది. లోపలి గింజ ఎండినంక ఊపితే పెంకుల గలగలమంటది, అది పగలగొడితే జాజికాయ. ఒకటే కాయల రెండూ ఉన్నయన్నట్టు, మేం దుకాణంల వేరే వేరే అరల పెట్టి వేరే వేరే ధరలకు అమ్ముతం.

అక్కడ జాజికాయను పాలా అంటరు. జాజికాయను సంస్కృతంల జాతీఫలం అంటరు గద, అండ్ల ఉన్న ఫలం గదే. బాపుకు చెప్పాలె అనుకున్న.

ఆ పై కండ పారేస్తరనుకున్న, కాదు, దాన్ని చక్కెరల నానబెట్టి ఎండబెడ్తరు, ఉసిరికాయ మురబ్బా లెక్క వగరు, వెనుకనుంచి ఘాటు. మధ్యాహ్నం ఊర్ల వంకాయల మీద కెనారి గింజల గుజ్జు పోసి పెట్టిండ్రు, మన గుత్తివంకాయకు దూరపు చుట్టం. నేను సకినాలు తీసిన. వంటపిలగాడు ఒకటి కొరికి కండ్లు పెద్దగ చేసి రెండోది జేబుల ఏసుకున్నడు.

సాయంత్రం కోట మీద కూసున్నం. ఫోర్ట్ బెల్జికా, 1611ల డచ్చోళ్లు కట్టింది, ఐదు మూలలుంటయి. మా గైడ్ ఆ ఊరాయనే, అంతదాక జోకులేసినోడు ఆడికొచ్చినంక జర నెమ్మదిగ మాట్లాడిండు. డచ్ కంపెనీకి జాజికాయ మొత్తం వాళ్లకే అమ్మాలె, ఇంకెవ్వనికీ ఇయ్యొద్దు. బండా వాళ్లు మేం ఎప్పటినుంచో జావా వాళ్లకు, అరబ్బులకు అందరికీ అమ్ముకుంటున్నం అన్నరు. 1621ల యాన్ పీటర్‌స్‌జూన్ కూన్ అనేటోడు ఓడల నిండ సైనికులతోని వచ్చిండు. ఊరి పెద్దలను 44 మందిని నసావ్ అనే ఇంకో కోట దగ్గర జపాను కిరాయి కత్తులోళ్లతోని నరికిచ్చిండు. దీవుల మొత్తం పదిహేను వేల దాక జనం ఉండేటోళ్లు అంటరు, మిగిలింది వెయ్యి చిల్లర, మిగతోళ్లు చచ్చిండ్రు, ఆకలికి పోయిండ్రు, బానిసలుగ అమ్ముడుపోయిండ్రు, కొందరు వేరే దీవులకు పారిపోయిండ్రు. తర్వాత తోటలను 68 ముక్కలు చేసి కంపెనీ మనుషులకు పంచి బయటినుంచి బానిసలను తెచ్చి పని చేపిచ్చిండ్రు. మసాలా దినుసుల కోసం తెల్లోళ్లు వచ్చిండ్రు అని మనం ఒక్క లైన్ల చదువుకున్నది ఇదన్నట్టు. తరాజుల చిన్న రాళ్లేసి తూచిన సరుకు అది. నాకు ఆ రాత్రి కూరల జాజికాయ వాసన వస్తే సైసలే.

పక్కన రన్ అని ఇంకో దీవి, ఈ చివర నుంచి ఆ చివరికి నడిచిపోవచ్చు. ఇంగ్లీషోళ్లు అది మాదన్నరు, డచ్చోళ్లు కాదన్నరు, ఏండ్ల తరబడి కొట్లాట. ఆఖరుకు 1667ల బ్రెడా ఒప్పందంల రన్ డచ్చోళ్లకు ఉండిపోయింది, ఇంగ్లీషోళ్లు అప్పటికే పట్టుకున్న న్యూ ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లకు ఉండిపోయింది. అదే ఇప్పటి న్యూయార్క్ మాన్‌హట్టన్. రన్‌ల ఒడ్డున మేకలు తిరుగుతున్నయి, పిల్లలు మా రబ్బరు పడవను ఈదుకుంట తరిమిండ్రు.

ఇంకొకటి, హట్టా, శాహ్‌రిర్ అని ఇండోనేషియా స్వాతంత్ర్య నాయకులను డచ్చోళ్లు 1936 నుంచి 1942 దాక బండా నైరాలనే ఉంచిండ్రు. ఒకాయన తర్వాత మొదటి ఉపాధ్యక్షుడు, ఇంకొకాయన మొదటి ప్రధాని. హట్టా ఉన్న ఇల్లు చూసిన, ఊరి పిల్లలకు పాఠాలు చెప్పేటోడట. జైలు కాదు గని ఎటు పోతరు, చుట్టూ సముద్రం.

ఈత సంగతి. నేను వ్యవసాయ బావిల నడుముకు ప్లాస్టిక్ డబ్బా కట్టుకొని నేర్చుకున్న, బావిల నీళ్లు ఆకుపచ్చగ ఉంటయి, కింద ఏముందో ఎన్నడు కనవడదు, కనవడనందుకే భయం కాదు. ఈడ గునుంగ్ అపి పక్కన మాస్కు పెట్టుకొని తల ముంచితే ముప్పై అడుగుల కింది రాయి మీద చేప కన్ను కనవడుతుంది. నీళ్లల్ల కాదు, గాలిల ఏలాడుతున్నట్టయింది, గబుక్కున పడవ పట్టుకున్న. రెండోసారి మెల్లగ పోయిన. 1988ల ఆ కొండ పేలి లావా సక్కగ సముద్రంలకు దిగింది, ఉన్న పగడాలన్నీ మాడిపోయినయి. ఆ నల్లరాయి మీదనే పదేండ్లు గాకముందే మళ్లా మొలిచినయి, మామూలుగ గంత తొందరగ పెరగయట. ఇప్పుడు నవారు మంచమంత పళ్లేల లెక్క పగడాలు, ఒకదాని మీద ఒకటి, వాటి కింద నీలం చేపలు గుంపులు గుంపులు. జర ముందుకు పోతే గోడ లెక్క దిగుతది, లోతు నల్లగైతది. ఆడ నేను ఆగిన. గంత ధైర్యం లేదు.

పోవాలనుకునేటోళ్లకు ఒకటే మాట, సుఖం కోసమైతే పోకుండ్రి. నెట్ ఉండది, రాత్రి నిద్రుండది, రోజూ పెసరపప్పు కావాలంటే దొరకది. అంబన్ నుంచి బండాకు గవర్నమెంటు ప్యాసింజర్ ఓడ కూడ పోతది, టైము చేతుల ఉన్నోళ్లు అండ్ల పోయి ఊర్లనే గది తీసుకొని ఉంటే నా ఖర్చుల పదో వంతు కూడ కాదు. కాకపోతే రన్ లాంటి దీవులకు మళ్లా పడవ మాట్లాడుకోవాలె.

ఆఖరి రోజు నైరా రేవు కాడ సిగ్నల్ దొరికితే బాపుకు వీడియో కాల్ చేసిన. దుకాణంలనే ఉన్నడు, అద్దాలు పెట్టుకున్నడు. కెమెరా ముందట కాయ విప్పి ఆ ఎర్రటి వల ఒలిచి చూపెట్టిన.

"బాపూ, ఇది పువ్వు కాదు. జాజికాయ మీది పొర."

కొద్దిసేపు ఏం మాట్లాడలే. తమ్ముడు వెనుకనుంచి తొంగి చూస్తుండు.

"గంత ఎర్రగున్నదంటే పచ్చిదిరా అది" అన్నడు. "కిలో ఎంత చెప్తున్నరు? తడిది అంటగట్టి తూకం కొట్టేస్తరు, కొనకు."

అవుతల అమ్మ "బ్యాగు దొరికిందా అడుగుండ్రి" అంటుండంగ కాల్ కట్టయింది.