నెరిసిన హెయిర్ ప్యాచ్‌కు రంగు కుదిరిన తీరు

నడినెత్తిన జుట్టు పోయినప్పటి నుంచి నేను హెయిర్ ప్యాచ్, అంటే బట్టతల భాగం మీద అంటించుకునే చిన్న విగ్గు, వాడుతున్నాను. జుట్టు లేకపోవడం కన్నా రంగు కలవకపోవడమే ఎక్కువ బాధ పెడుతుందని ప్యాచ్ వాడేవాళ్లకు బాగా తెలుసు. ప్యాచ్‌లోని వెంట్రుకలకు వయసు రాదు. కణతల దగ్గర నా సొంత జుట్టు మాత్రం నెరుస్తూ వచ్చింది. దానికి తోడు పాత ప్యాచ్ ఎండకూ తలస్నానాలకూ వెలిసి ఎర్రబారింది. పక్కన నెరుపు, పైన రాగి రంగు. ఎదుటివారి చూపు తిన్నగా అక్కడికే వెళ్లేది.

అందుకే ఈసారి నెరిసిన వెంట్రుకలు కలిపిన ప్యాచ్ చేయించుకున్నాను. ఇలాంటివాటిలో తెల్లవి చాలావరకు కృత్రిమ పోగులే ఉంటాయి. సహజంగా నెరిసిన పొడవాటి జుట్టు దొరకడం కష్టం. నల్లజుట్టును బ్లీచ్ చేసి తెల్లగా మారిస్తే కొన్నాళ్లకు పసుపు తేలుతుంది. కృత్రిమ పోగుకు ఆ బెడద లేదు కానీ, మామూలు జుట్టు రంగు దానికి పట్టదు. నాకు రంగు వేయించే ఉద్దేశం ఉంది కాబట్టి అన్నీ మనిషి వెంట్రుకలే కావాలని పట్టుబట్టాను. ప్యాచ్ చేతికి రాగానే కొన్ని తెల్ల వెంట్రుకల కొసలు కత్తిరించి కాల్చి చూశాను. కృత్రిమమైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. ఇవి ఈక కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య నలిపితే బూడిదయ్యాయి. యాక్ జంతువు వెంట్రుక కూడా ఇలాగే కాలుతుంది కనుక, ఈ పరీక్షతో ప్లాస్టిక్ పోగు కాదని మాత్రమే తేలుతుంది.

ప్యాచ్ బాగుంది, తెలుపు మాత్రం నా కణతల కన్నా ఎక్కువ. మొత్తం నల్లగా వేయిస్తే మళ్లీ కథ మొదటికొస్తుంది. అక్కడక్కడ సన్నని పాయలు తీసి వాటికే రంగు వేయాలి. విగ్గులు కట్టడంలో చేయి తిరిగిన ఒక పెద్దావిడ ఈ పని ఒప్పుకున్నారు. రంగు డబ్బా తెరవకముందే ఆమె అన్న మాట ఇది: “తల మీది జుట్టు పాడైతే మళ్లీ పెరుగుతుంది బాబూ. దీనికి ఆ అవకాశం లేదు. ముందు ఒక్క పాయ మీద చూద్దాం.”

ఆ ఒక్క పాయ నాకు చాలా నేర్పింది. పాత ప్యాచ్ ఎర్రబడిన అనుభవంతో నేను ఎరుపును అణిచే యాష్ షేడ్ అడిగాను. వేసి ఆరబెడితే పాయ పచ్చగా, పాచి పట్టినట్టు కనిపించింది. కారణం ఆమె విడమరచి చెప్పారు. నల్లజుట్టును బ్లీచ్ చేసి గోధుమ రంగు వేసినప్పుడు లోపల ఎరుపు, నారింజ ఛాయలు మిగిలిపోతాయి. పై రంగు వెలిసేకొద్దీ అవి బయటపడతాయి. నెరిసిన వెంట్రుకలో మెలనిన్, అంటే జుట్టుకు సహజ రంగునిచ్చే పదార్థం, దాదాపు ఉండదు, అంటే అణచడానికి ఎరుపే లేదు. దానికి యాష్ ఒక్కటే వేస్తే అందులోని ఆకుపచ్చ ఛాయే మిగులుతుంది. రెండో పాయకు ఏ ఛాయ వైపూ మొగ్గని న్యూట్రల్ షేడ్‌లో కాస్త బంగారు ఛాయ కలిపారు. ఈసారి నా కణతల రంగుకు బాగా దగ్గరగా వచ్చింది.

షేడ్ కూడా నా జుట్టు కన్నా ఒక మెట్టు లేతది ఎంచుకున్నారు. విగ్గుల జుట్టు తయారీలో రసాయనాల పాలవుతుంది. వెంట్రుక మీది పొలుసుల పొర దెబ్బతిని రంగును ఇట్టే పీల్చేసుకుంటుంది, అనుకున్నదాని కన్నా ముదురు తేలుతుంది. రంగు పట్టడానికి అందులో కలిపే డెవలపర్ ద్రావణంలో పెరాక్సైడ్ 3 శాతానికి మించనివ్వలేదు. తల మీది మొండి తెల్లవెంట్రుకలకు 6 శాతం వాడటం మామూలే గానీ, ఇక్కడ నెరుపును పూర్తిగా కప్పే అవసరం లేదు, కాస్త కలిసిపోతే చాలు. ప్యాచ్ అడుగున ఉండే సన్నని వల బట్ట లేస్‌కు, దానికి వెంట్రుకలను కట్టిన ముడులకు కూడా ఘాటు తగ్గడమే మేలు.

నిజానికి నేను ఎక్కువ భయపడింది లేస్ గురించే. దానికి రంగు అంటితే నెత్తి మీద మరకలా కనిపిస్తుంది. అందుకే పేస్టు చిక్కగా కలిపి, ప్రతి పాయ కిందా రేకు పెట్టి, ముడులకు కొద్దిగా ఎడంగా బ్రష్ ఆపారు. డబ్బా మీద రాసిన సమయాన్ని మేము నమ్మలేదు. అది తల వెచ్చదనాన్ని లెక్కేసి రాసింది. ప్యాచ్‌కు ఆ వెచ్చదనం లేదు, పీల్చుకునే గుణం మాత్రం ఎక్కువ. కాబట్టి మధ్యమధ్య ఒక్కో పాయను తుడిచి చూడటమే మార్గం. తడి జుట్టు ముదురుగా కనిపిస్తుంది కనుక, చన్నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే కిటికీ దగ్గర పగటి వెలుగులో పోల్చుకున్నాం.

శాశ్వత రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, అది కొందరికి తీవ్రమైన ఎలర్జీ కలిగిస్తుంది. ప్యాచ్ రోజంతా నెత్తికి అంటుకుని ఉండేది. అందుకని ముందుగానే చెవి వెనక కాస్త రంగు రాసి 48 గంటలు ఆగాను. ఈ పని ఎవరూ వదిలేయకూడదు.

ఇక పెట్టుకున్నాక కలిగిన తృప్తి మాటల్లో పెట్టలేను. అద్దంలో పై జుట్టు ఎక్కడ ఆగిందో, నాది ఎక్కడ మొదలైందో నాకే పోల్చుకోవడం కష్టమైంది.

ఇప్పుడు సల్ఫేట్ లేని షాంపూ వాడుతున్నాను. మాడు నుంచి నూనె అందదు కాబట్టి ప్రతిసారీ కండిషనర్ తప్పనిసరి. తెల్లపాయలు పసుపు తిరిగితే ఊదారంగు షాంపూ, అదీ అప్పుడప్పుడే, ఎక్కువైతే ఆ ఛాయ జుట్టుకే అంటుతుంది. రంగు వేసిన పాయలు నెమ్మదిగా వెలుస్తున్నాయి. వాటిలో కొన్నింటికి పెరాక్సైడ్ లేని రంగు తిరిగి పట్టిస్తాం, కొన్నింటిని అలాగే వదిలేస్తాం, ఎందుకంటే నా కణతలు కూడా ఇంకా నెరుస్తూనే ఉన్నాయి. వచ్చేసారి కూడా తెలుపు కాస్త ఎక్కువగానే చేయించుకుంటాను. తెల్లని పాయను ముదురు చేయవచ్చు. ముదురు పాయను తెల్లగా చేయాలంటే బ్లీచ్ పెట్టాలి, దాన్ని తట్టుకునే సత్తువ ఈ వెంట్రుకలకు లేదు.