మీరు ఆర్యవైశ్యులా అని ఎందుకు అడుగుతానంటే

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్‌కి ముందు రోజు పేషెంట్ దగ్గరికెళ్లి ఉబ్బసం ఉందా, బీపీ మాత్ర వేసుకుంటున్నారా, కట్టుడు పళ్లున్నాయా అని అడగడం అయ్యాక ఒక ప్రశ్న మిగులుతుంది. "ఏమనుకోకండి, మీరు వైశ్యులా?" కొందరి మొహం బిగుసుకుపోతుంది. ఈ కాలంలో ఆస్పత్రిలో కూడా కులమా అని పక్కనున్న కొడుకో కూతురో గట్టిగానే అంటారు. హెర్నియాకి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం మంచం మీద లేచి కూర్చుని, "మాదీ మీదీ ఒకటేనన్నమాట! మీ గోత్రమేంటమ్మా? పెళ్లికెదిగిన అబ్బాయున్నాడా?" అన్నాడు. మా ఊరు ప్రొద్దుటూరు. మేమూ ఆర్యవైశ్యులమే. ఆయన అంచనా తప్పేం కాదు, నా కారణం మాత్రం వేరు.

ఆ కారణం థియేటర్ ఫ్రిజ్‌లో ఉంటుంది. కండరాల్ని వదులు చేసే మందు. అసలు పేరు సక్సమిథోనియం, మేమందరం స్కోలిన్ అనే అంటాం. కడుపు ఖాళీగా లేని ఎమర్జెన్సీ కేసుల్లో గొంతులోకి ట్యూబు త్వరగా వేయాలంటే దీనంత వేగంగా పనిచేసే మందులు తక్కువ. నరంలోకి వెళ్లగానే కనురెప్పల దగ్గర సన్నటి అదురు మొదలై, మొహం, భుజాలు, పొట్ట మీదుగా కాళ్ల వేళ్లదాకా పాకుతుంది. నిమిషం తిరిగేలోపు ఒళ్లంతా వదులైపోతుంది. ఊపిరి కూడా ఆగుతుంది, అప్పటినుంచి ఆ పని మాది. మామూలు మనిషికి అయిదు, పది నిమిషాల్లో కండరాలు మళ్లీ కదులుతాయి. ఎందుకంటే లివర్ తయారుచేసి రక్తంలోకి వదిలే బ్యుటిరిల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఈ మందుని చకచకా విరగ్గొట్టేస్తుంది.

ఆ ఎంజైమ్ లేకపోతే?

పీజీ చేసేటప్పుడు చూశాను. అపెండిక్స్ కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. ఆపరేషన్ అయిపోయింది, కుట్లు కూడా పడ్డాయి, ఊపిరి మాత్రం రాలేదు. మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు ఇస్తే బొటనవేలు టక్కున కదలాలి. ఉలుకూ పలుకూ లేదు. మా సారు గడియారం చూసి, "స్కోలిన్ అప్నియా, మందు దిగక ఊపిరి ఆగిపోయింది. ఎవరూ కంగారుపడొద్దు. మత్తు మాత్రం ఆపకండి" అన్నారు. ఆ చివరి మాటే ముఖ్యం. మత్తు తేలిపోతే కుర్రాడికి అన్నీ వినిపిస్తాయి, నొప్పీ తెలుస్తుంది, రెప్ప కూడా ఎత్తలేడు. రాత్రంతా వెంటిలేటర్ మీద ఉంచాం. విరుగుడు ఇంజెక్షన్ లాంటిదేం లేదు, మందు తనంతట తాను దిగాల్సిందే. తెల్లారేసరికి ఊపిరి తీసుకున్నాడు, మధ్యాహ్నానికి కాఫీ అడిగాడు. బయట వాళ్ల తాత తాపీగా చెప్పాడు: "వాళ్ల మేనత్తకీ కాన్పు ఆపరేషన్లో ఇట్లాగే మిషను మీద పెట్టినారు." ఆ కుర్రాడి తల్లిదండ్రులది మేనరికం.

ఈ ఎంజైమ్ లోపం మా వాళ్లలో ఎక్కువని ఇప్పుడు కనిపెట్టింది కాదు. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ ఎంజైమ్ తయారుకానివ్వని జన్యురూపం బాగా ఎక్కువని 1979లోనే ఒక పరిశోధనా పత్రం వచ్చింది. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, అమెరికా వాళ్లు కలిసి తప్పు ఎక్కడుందో పట్టుకున్నారు. ఎంజైమ్‌లో 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ వచ్చి కూర్చుంది. 2017లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్ డేవిడ్ రైక్ బృందం దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల జన్యువులు చూసి ప్రచురించిన పత్రంలో మళ్లీ వైశ్యుల ఉదాహరణే. మిగతావాళ్ల కంటే ఈ లోపం మా వాళ్లలో సుమారు 100 రెట్లు ఎక్కువట.

30 లక్షలకి పైగా ఉన్న జనంలో ఇదెలా సాధ్యం? మేం గోత్రాల విషయంలో మహా పట్టింపు. 102 గోత్రాలు, సగోత్రం కుదరదు, అంతా లెక్క ప్రకారం. కానీ గోత్రం ఏదైనా పిల్ల మాత్రం మనవాళ్ల పిల్లే కావాలి. తరతరాలుగా లోపలివాళ్లకే ఇచ్చిపుచ్చుకుంటే, ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల్లో ఉన్న ఒక అక్షరదోషం పోవడానికి దారి ఎక్కడుంది? ఇప్పుడెంత పెద్ద జనమైనా మొదట్లో మిగిలినవాళ్లు కొద్దిమందే అయితే జరిగేది ఇదే. మేనరికాలు దాని మీద ఇంకొంచెం కలుపుతాయి, అంతే.

అందుకే "భారతీయులకి ఈ మందు పడుతుందా" లాంటి ప్రశ్నలు వింటే నాకు చిరాకు. సగటు తీసుకుని ఏం చేసుకోను? టీబీకి వాడే ఐసోనియజిడ్‌ని ఒంట్లోంచి నెమ్మదిగా వదిలించుకునేవాళ్లు దక్షిణ భారతంలో సగానికి పైనే, జపాన్‌లో పదో వంతు. ఫిట్స్‌కి వాడే కార్బమజెపైన్ కొందరికి ఒళ్లంతా చర్మం ఊడొచ్చేంత ప్రమాదం తెస్తుంది, దానికి కారణమైన హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువు రకాన్ని 2004లో తైవాన్ చైనీయుల్లో గుర్తించారు. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆసియా మూలాలున్నవాళ్లకి ముందు పరీక్ష చేయమంది. ఆసియా అంటే టోక్యో నుంచి టెహ్రాన్ దాకా! డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఆస్పత్రి ఫారంలో 'ఏషియన్' గడిలో టిక్కు పెడుతుంది. ఆ టిక్కు చూసి స్కోలిన్ గురించి ఆలోచించే డాక్టర్ అక్కడెవరు?

అలాగని కులం పేరు పరీక్ష రిపోర్టు కాదు. వైశ్యుల్లో ఎక్కువమందికి ఏమీ కాదు, ఈ లోపం వేరే కులాల్లోనూ, దేశాల్లోనూ ఉంది. నా ప్రశ్న తలుపు తట్టడం వరకే. తర్వాత "మీ ఇంట్లో ఎవర్నైనా ఆపరేషన్ తర్వాత మిషను మీద పెట్టారా" అని అడుగుతాను, అది ఎవరినైనా అడగాల్సిందే. అనుమానముంటే రక్తపరీక్ష. మన ఊళ్లలో ఆ పరీక్ష చేసే ల్యాబులకి కొదవలేదు, పురుగుమందు తాగిన కేసుల పుణ్యమా అని. ఆ మందులు ఇదే ఎంజైమ్‌ని చంపుతాయి మరి. తిరకాసు కూడా అక్కడే ఉంది: పుట్టుకతోనే ఎంజైమ్ లేని మనిషిని ఎవరైనా తెలియక పురుగుమందు కేసనుకోవచ్చు. టైమ్ లేకపోతే స్కోలిన్ బదులు రోక్యురోనియం వాడతాను. దానికి విరుగుడుగా సుగమాడెక్స్ ఉంది, ధరే ఎక్కువ.

ఇదంతా మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెడితే మొదట వచ్చిన ప్రశ్న, "సంబంధాలకి ఇబ్బందా డాక్టరమ్మా?" అని. కాదు బాబాయ్. ఇది జబ్బు కాదు, స్కోలిన్, మైవాక్యూరియం లాంటి మందులు తగిలితే తప్ప జీవితాంతం ఏమీ తెలియదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ చెడితేనే అసలు ఇబ్బంది. ఇంట్లో ఒకరికి ఉందని తేలితే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం, వాళ్లూ పరీక్ష చేయించుకోవాలి. తేలినవాళ్లు "స్కోలిన్ ఇవ్వరాదు" అని రాసిన చీటీ ఆధార్ కార్డు వెనకాలే పెట్టుకోండి, యాక్సిడెంట్ అయినప్పుడు ముందు వెతికేది దాన్నే.