కోటు మీద మరక, చీటీలో లేని మాట

నా ఉన్ని కోటు నిన్ననే చేతికొచ్చింది. మరక దాదాపు పోయింది, ప్రాణం కుదుటపడింది. కానీ మొదట ఇచ్చిన డ్రై క్లీనింగ్ షాపు మీద కోపం ఇంకా చల్లారలేదు, ఆ వేడిలోనే రాసేస్తున్నాను.

ఇచ్చేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కోటు లోపల కుట్టిన లేబుల్ మీద గుండ్రటి గీతలో పి అక్షరం ఉంది, అంటే పెర్క్ అనే ద్రావకంతో శుభ్రం చెయ్యొచ్చని. ఆ సంగతి చూసుకునే తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి నోటితో చెప్పాను కూడా: ఒక ఫంక్షన్‌లో పక్కాయన చేతిలోని కూల్‌డ్రింక్ కుడివైపు ఛాతీ మీద ఒలికింది, రంగు లేనిది కాబట్టి ఇప్పుడేమీ కనపడదు, కాస్త చూసి వెయ్యండి అని. సరే సార్ అన్నాడు. చీటీ మీద "కోటు 1" అని రాసి చింపి ఇచ్చాడు.

తీసుకోవడానికి వెళ్లిన రోజు ప్లాస్టిక్ కవర్‌లోంచే కనిపించింది, అరచేయంత మరక, మధ్యలో పసుపు, అంచుల్లో గోధుమ రంగు. ఇదేంటండీ అని అడిగితే యజమాని వచ్చి కోటు అటూ ఇటూ తిప్పి "ఇది మా దగ్గర పడింది కాదు సార్" అన్నాడు. ఇచ్చేటప్పుడే చెప్పానంటే చీటీ తీసుకుని చూసి "ఇందులో ఎక్కడుంది మరక అని?" అన్నాడు. నా వెనక జనం ఉన్నారు. వాళ్లందరికీ వినపడేలా "మీరే ఏదో పోసుకుని, ఇంట్లో తుడిచి, పాడుచేసి మా మీదికి తెస్తే ఎలా సార్, ఇలాంటి బట్టలు కొనుక్కునేవాళ్లకి వాడటం కూడా తెలియాలి కదా" అన్నాడు. నేను ఇంట్లో దానికి చుక్క నీళ్లు తగలనివ్వలేదు. నేను ఎవరికైతే చెప్పానో ఆ కుర్రాడు అక్కడే హ్యాంగర్లు సర్దుతున్నాడు, నావైపు తల తిప్పలేదు. అతన్ని అడగండి అన్నాను. యజమాని అడగనే లేదు. చీటీ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న "డ్యామేజీకి మా బాధ్యత లేదు" అన్న లైను మీద వేలు పెట్టి చూపించాడు. నిజం చెప్పిన మనిషిని పదిమంది ముందు అబద్ధాలకోరుని చేసి నిలబెట్టారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు సంగతి కాదు, ఆ మాట సంగతి.

ఇంతకీ జరిగిందేమిటో ఇంకోచోట ఒక పెద్దాయన చెబితే అర్థమైంది. ఆయన మరకలు తీసే పనిలోనే ఉన్నాడు. డ్రై క్లీనింగ్ మెషీన్‌లో బట్టలు తిరిగేది నీళ్లలో కాదు, ద్రావకంలో. అది నూనె, గ్రీజు లాంటివాటిని కరిగిస్తుంది. ఉన్నికి అది మంచిదే, ఎందుకంటే వేడి నీళ్లలో వేసి తిప్పితే ఉన్ని పోగుల మీద ఉండే పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని బట్ట ముడుచుకుపోతుంది. కానీ చక్కెర, చెమట నీళ్లలో కరిగే సరుకు, ఉత్త ద్రావకానికి అవి లొంగవు. కూల్‌డ్రింక్ ఆరిపోయాక నీళ్లు పోయి చక్కెర పోగుల్లోనే ఉండిపోతుంది, కంటికి ఆనదు. అలాగే మెషీన్‌లో వేసి, వేడి గాలితో ఆరబెట్టి, పైన ఆవిరి ఇస్త్రీ చేస్తే ఆ చక్కెర రంగు తిరుగుతుంది. పాకం ముదిరితే రంగు మారినట్టే. అంటే మెషీన్‌లో వెయ్యకముందే ఆ చోటును చూసుకుని తగిన మందుతో విడిగా తీయాలి. అందుకే చెప్పాను నేను. ఒక్క ముక్క చీటీ మీద రాసి ఉంటే లోపల పనిచేసేవాడికి తెలిసేది.

ఆ పెద్దాయన ముందు అడిగింది ఏం పడింది, ఎప్పుడు పడింది, తర్వాత ఇస్త్రీ తగిలిందా అని. చీటీ మీద కోటు బొమ్మ గీసి మరక ఉన్నచోట గుర్తు పెట్టాడు. లోపలి కుట్టు మడత మీద మందు వేసి రంగు దిగుతుందేమో చూసుకున్నాకే పైన చేశాడు. వేడి తగిలిన మరక కాబట్టి పూర్తిగా పోతుందని మాటివ్వనని ముందే చెప్పాడు. ఎండలో నిలబడి వెతికితే ఇప్పటికీ లేత జాడ ఒకటి ఉంది, నాకు తప్ప ఎవరికీ కనపడదు. పని తెలిసినవాడికి అడగడానికి నామోషీ ఉండదు. పని తెలియనివాడే కస్టమర్ మీద అరుస్తాడు.

కాబట్టి నోటితో చెప్పి ఊరుకోకండి. మరక ఎక్కడుందో చీటీ మీద రాయించండి, రాయనంటే బట్ట వెనక్కి తీసుకోండి, ఇవ్వకముందు ఫోన్‌లో ఫొటో తీయండి. మరక మీద మీరు ఇస్త్రీ పెట్టకండి. లేబుల్ మీద గుండ్రటి గీతలో ఎఫ్ ఉంటే పెర్క్ వాడకూడదు, పెట్రోలియం రకం ద్రావకాలే వాడాలి. డబ్ల్యూ ఉంటే నీళ్లతోనే, కానీ తెలిసినవాళ్లు చేసే వెట్ క్లీనింగ్. ఆ గుండ్రటి గీతనే అడ్డగీతలతో కొట్టేసి ఉంటే డ్రై క్లీనింగ్ అసలొద్దని. ఈ మూడూ తెలియని కౌంటర్లు ఉన్నాయి, అడిగి చూడండి. మా చెల్లెలి గౌను మీద ప్లాస్టిక్ చమ్కీలు ఉంటే పెర్క్‌లో వెయ్యొద్దని నేనే ఆపాను, ముందు ఒక్క చమ్కీ మీద పరీక్ష చేయిస్తే అది మెత్తబడి వంకరపోయింది. గౌను మొత్తం దక్కింది.

ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవర్ తీసేసి గాలికి వేలాడదీయండి. ద్రావకం వాసన మిగిలితే అది సరిగా ఆరలేదని, వెనక్కి ఇచ్చెయ్యండి. పెర్క్ ఆరోగ్యానికి మంచిది కాదు. అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబర్‌లో డ్రై క్లీనింగ్‌లో దాని వాడకం పదేళ్లలో ఆగిపోవాలని నిబంధన పెట్టింది.

ఆ మొదటి షాపులో నా స్వెటర్ ఒకటి ఇంకా ఉంది. రేపు వెళ్లి కౌంటర్ మీదే కవర్ విప్పించి, వెలుతురులో నాలుగు వైపులా చూసుకున్నాకే చీటీ ఇస్తాను.