ఈరోజు నిక్ తగిలింది

క్రాస్‌కోర్ట్ వాలీ నిక్ మీద పడ్డాను కొన్నాళ్లుగా. స్క్వాష్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన షాట్ ఇదే. పక్క గోడ, నేల కలిసే అంచుని నిక్ అంటారు. గాల్లో ఉన్న బంతిని ముందు గోడకి, దాని అడుగున టిన్ అనే రేకు పట్టీ ఉంటుంది, దానికి కాస్త పైన కొట్టాలి. అది అడ్డంగా వెళ్లి సరిగ్గా ఆ అంచులో పడితే ఇక లేవదు, దొర్లుకుంటూ పోతుంది. ఎంత చురుకైన ఆటగాడైనా చూస్తూ నిలబడాల్సిందే. అదే పక్క గోడకి కొంచెం పైన తగిలితే బంతి మధ్యలోకి వచ్చేస్తుంది, అవతలివాళ్లకి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే.

ఇవాళ తెల్లారగానే కోర్టుకి వెళ్లాం. బెజవాడ ఎండల్లో అంతకన్నా దారి లేదు. గది వేడెక్కితే రబ్బరు బంతి మరీ ఎగురుతుంది, అలాంటి బంతిని అంచులో పడుకోబెట్టడం కష్టం.

"బలం వద్దు తమ్ముడూ, కొయ్యి" అంటారు నాకు నేర్పే అన్న. ఆ మాట ఇవాళ చేతికి ఎక్కింది. రాకెట్‌ని ముందే పైకెత్తి ఉంచి, దాని ముఖం కాస్త పైకి తెరిచి, భుజానికి పైన అందిన బంతిని పైనుంచి కిందికి కోశాను. అలా కోస్తే బంతి వెనక్కి తిరుగుతూ వెళ్తుంది, అందుకే ముందు గోడకి తగలగానే కిందికి దిగుతుంది. గోడ మీద టప్ మని చప్పుడు, ఆ తర్వాత అంచు దగ్గర చిన్న శబ్దం, అంతే. బంతి నా బూట్ల వైపు పాకుతూ వచ్చింది. ఒళ్లు పులకరించింది, నిజంగా.

ఈజిప్టు ఆటగాడు రామీ అషూర్ పాత మ్యాచుల్లో ఈ షాట్ చూస్తే ఎంత తేలిగ్గా ఉంటుందో! పైగా ప్రొఫెషనల్ టోర్నీల్లో టిన్ ఎత్తు 43 సెంటీమీటర్లే, మా కోర్టులో 48. కాబట్టి మేం ఇంకాస్త పైనుంచి బంతిని దించాలి.

నాకు మాత్రం ఈ షాట్‌కన్నా దాని ముందు షాటే ముఖ్యం అనిపిస్తోంది. గోడని అంటిపెట్టుకుని వెనక మూలకి మంచి డ్రైవ్ పడితేనే అవతలివాళ్లు అక్కడ ఇరుక్కుంటారు, వదులుగా బంతి లేపుతారు. అప్పుడు కోర్టు మధ్యలో గీతలు కలిసే 'టీ' (T) దగ్గర నిలబడ్డవాళ్లకి నిక్ కొట్టే హక్కు వస్తుంది. అవతలి మనిషి పక్కనే ఉండగా కొట్టడం నాకు నచ్చదు, అది జూదం.

ఆట అయ్యాక బెంజి సర్కిల్ దగ్గర టీ తాగుతూ 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ గురించే మాట్లాడుకున్నాం. స్క్వాష్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది మరి! అన్న కళ్లల్లో ఆ మెరుపు చూడాలి.

రేపు బ్యాక్‌హ్యాండ్ వైపు మొదలుపెడదాం అన్నారు. అటువైపు మణికట్టు ఇంకా బిగుసుకుంటోంది. ఈలోగా రాకెట్ గ్రిప్ మార్పించాలి, చెమటకి జారుతోంది.