కూడారై నాటి అక్కారవడిశిల్

ధనుర్మాసంలో రోజుకో పాశురం (పాట) చొప్పున పాడుకునే తమిళ తిరుప్పావైలో, రెండో పాశురంలోనే దాన్ని రాసిన ఆండాళ్ తల్లి వ్రత నియమం చెప్పేస్తుంది: "నెయ్యుణ్ణోం, పాలుణ్ణోం". నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టం, పూలు ముడవం. ఆమె గోపికల్లో ఒకతెగా పాడుతోంది, కృష్ణుడు దగ్గర లేనప్పుడు గోపికలకు అవేవీ రుచించవు మరి.

27వ పాశురం "కూడారై"కి వచ్చేసరికి స్వామి దొరికాడు. ఇక నగలు పెట్టుకుంటాం, కొత్త చీరలు కట్టుకుంటాం, పాలలో వండిన అన్నం తింటాం అంటుంది. అన్నం కనబడనంత నెయ్యి పోయాలట, అది మోచేతి దాకా కారాలట! ఆ వెంటనే "కూడియిరుందు కుళిర్ందు" అంటుంది. అందరం కలిసి కూర్చుని, మనసు చల్లబడి తినాలని. నాకు ఈ పాశురంలో ప్రాణమంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. మానేసినప్పుడూ "మేము", తినేటప్పుడూ "మేము".

ఈ పాశురం పాడే రోజే కూడారై. సాధారణంగా జనవరి 11 ప్రాంతంలో వచ్చే ఈ రోజున మన వైష్ణవాలయాల్లోనూ అక్కారవడిశిల్, అంటే పాలు, బెల్లంతో వండే తియ్యటి అన్నం, ఆరగింపు చేస్తారు. బియ్యం, కాస్త పెసరపప్పు పాలలోనే మెత్తగా ఉడకాలి. బెల్లం ముందే వేస్తే మెతుకు బిరుసెక్కుతుంది, పాలూ విరుగుతాయి. అందుకే సన్నటి సెగ మీద ఓపిగ్గా కలుపుతూ, అన్నం పూర్తిగా ఉడికాకే బెల్లం పాకం పోస్తారు. తర్వాత నెయ్యి, జీడిపప్పు, ఏలకులు, చిటికెడు పచ్చకర్పూరం.

తన మరో రచన నాచ్చియార్ తిరుమొళిలో ఆండాళ్, మదురై దగ్గరి మాలిరుంజోలైలో వెలసిన విష్ణువు అళగర్ స్వామికి నూరు గంగాళాల వెన్న, నూరు గంగాళాల అక్కారవడిశిల్ మొక్కుకుంది. నోటి మాటతోనే సమర్పించింది. స్వామి వచ్చి ఆరగిస్తే ఒకటికి నూరువేలు చేసి ఇస్తానని, ఆపైన సేవ కూడా చేస్తానని తర్వాతి పాశురంలో అంటుంది. ఎంత ఆశో చూడండి! ఆ మొక్కు తీర్చింది ఆమె తర్వాత ఎంతో కాలానికి, 1017లో పుట్టిన వైష్ణవాచార్యులు రామానుజులవారు. ఆ తర్వాత ఆయన ఆండాళ్ ఊరైన శ్రీవిల్లిపుత్తూరు వెళితే, ఆండాళ్ ఎదురొచ్చి "అన్నా" అని పిలిచిందని సంప్రదాయం చెబుతుంది. చెల్లెలి మొక్కు అన్న తీర్చాడు. ఆండాళ్ పలికిన ఆ "మేము"లో ఎప్పుడో తర్వాత పుట్టినవాళ్లకూ చోటుంది.

ఇంట్లో చేసేవాళ్లకు గంగాళాలు అక్కర్లేదు, చిన్న గిన్నె చాలు. ప్రసాదం డబ్బాల్లో పెట్టి పంపేయకుండా, వీలైతే ఇరుగుపొరుగును పిలిచి కూర్చోబెట్టి వడ్డించండి. నెయ్యి దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీయకండి.