‘చేయబడును’ బోర్డు దగ్గర అర్థమైన పాసివ్ వాయిస్

డిగ్రీ దాకా నాది తెలుగు మీడియం. కడపలో రూము తీసుకుని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు చదివేటప్పుడు లెక్కలు, రీజనింగ్ ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. ఇంగ్లీషులో వాయిస్ ప్రశ్న, అంటే ‘ఆమె ఉత్తరం రాసింది’ లాంటి యాక్టివ్ వాక్యాన్ని ‘ఉత్తరం ఆమెచేత రాయబడింది’ అనే పాసివ్‌లోకి మార్చేది, కనబడితే మాత్రం టెన్షన్. మొదటి దశ పరీక్ష టైర్-1లో ఒక్క తప్పుకు అర మార్కు పోతుంది కదా, వదిలేసి ముందుకు పోయేవాణ్ణి.

కోచింగ్‌లో 12 టెన్సులకు పట్టిక ఇచ్చారు. గోడకు అంటించి నెలరోజులు బట్టీపట్టాను. అందులో పాసివ్‌లోకి మార్చేవి ఎనిమిదేనని కూడా చాలా రోజులకు గమనించాను! పట్టిక నోటికొచ్చింది గానీ వాక్యం రాలేదు. ‘షి ఈజ్ రైటింగ్ ఎ లెటర్’ అని ఇస్తే ‘ఎ లెటర్ ఈజ్ రిటన్ బై హర్’ అని పెట్టేవాణ్ణి. ప్రతి మాక్ టెస్టులోనూ అదే తప్పు.

ఒక సాయంత్రం ఏడు రోడ్ల దగ్గర టీ తాగుతుంటే ఎదురుగా పాత బోర్డు: ‘ఇచ్చట సైకిళ్లు బాగు చేయబడును’. ‘అన్నం వండబడింది, రా నాయనా’ అని ఏ అమ్మా పిలవదు. మన నోట్లో లేని మాటతీరు కాబట్టే ఇంగ్లీషులో కొత్తగా ఉందని అప్పుడు తట్టింది. బోర్డుకు ఎవరు బాగుచేస్తారన్నది అక్కర్లేదు, సైకిల్ బాగుపడితే చాలు. ‘సమ్‌వన్ స్టోల్ మై పర్స్’ అన్నది ‘మై పర్స్ వజ్ స్టోలెన్’ దగ్గరే ఆగిపోవడం కూడా అందుకే. ఆ ‘ఎవరో’ను మళ్లీ మోసుకురావడం దేనికి?

అప్పటినుంచి ప్రతి వాక్యాన్నీ ముందు బోర్డు తెలుగులోకి తిప్పుకునేవాణ్ణి. ‘రాయబడుతుంది’ అంటే ఈజ్ రిటన్. ‘రాయబడుతూ ఉంది’ అంటే ఈజ్ బీయింగ్ రిటన్. ఆ ‘తూ’ వినబడితే ‘బీయింగ్’ ఉండాల్సిందే. నా పాత తప్పు దీంతో పోయింది. అయితే ఈ కిటుకు ఒకచోట మోసం చేస్తుంది. ‘రాయబడింది’ అన్నది వజ్ రిటన్‌కూ సరిపోతుంది, హ్యాజ్ బీన్ రిటన్‌కూ సరిపోతుంది. అక్కడ ప్రశ్నలో హ్యాజ్ ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి.

సి.పి.బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చున్నప్పుడు ఆయన మీదే వాక్యాలు అల్లుకునేవాణ్ణి. ‘బ్రౌన్ కంపైల్డ్ ఎ డిక్షనరీ’, ‘ఎ డిక్షనరీ వజ్ కంపైల్డ్ బై బ్రౌన్’. 1820లో కడపకొచ్చి తెలుగు మీద పట్టు సంపాదించిన దొర, నాకు ఇంగ్లీషు నేర్పడానికీ పనికొచ్చాడు. రిటన్, స్టోలెన్ లాంటి వి-త్రీ (క్రియ మూడో రూపం) మాటలకు మాత్రం ఏ కిటుకూ లేదు, రోజుకు పది చొప్పున రాసి దిద్దుకున్నాను. ‘నోన్’ తర్వాత ‘బై’ కాకుండా ‘టు’ వస్తుందన్న రకానివి విడిగా ఒక పేజీలో పెట్టుకున్నాను.

ఈ పిచ్చి మా రూమ్మేట్‌కూ అంటుకుంది. ఒకరోజు స్టవ్ మీద పాలు పొంగిపోయాక ‘పాలు పొంగబడ్డాయి రా’ అన్నాడు. పొంగడానికి కర్మ లేదు, కర్మ లేని క్రియకు పాసివ్ రాదు అని చెప్పి, గుడ్డ వాడి చేతికిచ్చాను.