చెకుముకి రైఫిల్: అక్టోబర్ నుంచి మార్చి దాకా

అక్టోబర్ 12

కిట్ వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ చుట్టుపక్కల జర్మన్ పనివాళ్లు చేసిన లాంగ్ రైఫిల్ నమూనా ఇది. .50 క్యాలిబర్, అంటే లోపలి వ్యాసం అర అంగుళం, 42 అంగుళాల ఎనిమిది పలకల గొట్టం, కర్లీ మేపుల్ అనే చారల చెక్క. స్టాక్, అంటే చెక్క ఒడి, చాలావరకు మెషీన్ మీదే చెక్కి పంపారు, కానీ ఏ భాగమూ దాని గాడిలో సరిగ్గా దిగదు. దింపడమే ఈ చలికాలమంతా నా పని. ఒహైయోలో చలికాలం కావలసినంత ఉంటుంది.

నవంబర్ 3

మూడు వారాల్లో గొట్టం వెనక తోక, నిప్పు పుట్టించే యంత్రమైన లాక్, ఈ రెండే కూర్చున్నాయి. దీనికి వాడేది మసి. ఇనుప భాగానికి సన్నగా మసి పూసి, గాడిలో నొక్కి, తిరిగి తీస్తే చెక్క ఎక్కడ తగులుతోందో అక్కడ నల్ల మచ్చ పడుతుంది. ఆ మచ్చనే ఉలితో గీకాలి, పక్కన ముట్టుకోకూడదు. మళ్లీ పూయడం, నొక్కడం, తీయడం. లాక్ ఒక్కదానికే ఇలా నలభైసార్లు చేశాను. దీనికోసం అమ్ముతున్న నల్ల పేస్టు వేళ్లకు పట్టి వదలడం లేదు. చివరికి అమ్మ కాటుక పట్టినట్టే ప్రమిదలో ఆముదం పోసి వత్తి వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించాను. ఆ మసిలో చుక్క నూనె కలిపితే గీత ఎంత సన్నగా పడిందంటే, అసలు సమస్య లాక్ ముందు మూలలో ఉందని అప్పుడే తెలిసింది. పాతకాలం తుపాకీ పనివాళ్లు వాడిందీ దీపం మసే.

నవంబర్ 24

గొట్టాన్ని స్టాక్‌కు పట్టి ఉంచేవి అడ్డంగా వేసే సన్నటి పిన్నులు. గొట్టం కింది చెవుల్లో వాటికోసం గుండ్రటి రంధ్రం వేసి వదిలేయకూడదు, గొట్టం పొడవునా కొద్దిగా సాగదీయాలి. ఎండాకాలం తేమకు చెక్క ఉబ్బుతుంది, చలికాలం పొడిగాలికి కుంచించుకుపోతుంది, ఇనుము అలా కాదు. చోటు లేకపోతే స్టాక్ పగులుతుంది.

డిసెంబర్ 15

రంగు. నైట్రిక్ ఆమ్లంలో ఇనుము కరిగించిన ద్రావణాన్ని ఈ పనిలో ఆక్వా ఫోర్టిస్ అంటారు. నేను తయారుగా దొరికేదే కొన్నాను. గ్యారేజ్ తలుపు పూర్తిగా ఎత్తి, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని పూశాను. పూయగానే చెక్క పాచి పట్టినట్టు ఆకుపచ్చగా మారింది. చూసి టెన్షన్ పడ్డాను. హీట్ గన్ దగ్గర పెట్టగానే ఆ పచ్చదనం అంగుళం అంగుళం ఎర్రటి గోధుమరంగులోకి తిరిగింది, లోపలి చారలు పులి చారల్లా పైకి తేలాయి. నేను ఇంత దగ్గరగా చూసిన అందమైన వాటిలో ఇదొకటి. తర్వాత వంటసోడా నీళ్లతో తుడిచి ఆమ్లాన్ని చంపాలి, లేకపోతే రంగు నల్లబడుతూ పోతుంది. మర్నాటి నుంచి రోజుకో పూత అవిసె నూనె, మొత్తం ఏడు. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి. బయట విప్పి ఆరేయండి.

జనవరి 11

గొట్టానికి కావాలనే తుప్పు పట్టించాను. తడి ఆవిరి ఉన్న చెక్కపెట్టెలో పెట్టి, రోజూ పైపొట్టు గీకి, మళ్లీ తుప్పు పట్టించే ద్రావణం పూసి ఆరు రోజులు. మంచి ముదురు గోధుమరంగు వచ్చింది.

ఫిబ్రవరి 8

సీసం గుండ్లు పోశాను. మెత్తటి స్వచ్ఛమైన సీసమే కావాలి. 0.490 అంగుళాల గుండు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. ఈ పని ఆరుబయటే చేయాలి. కరిగిన సీసం దగ్గరికి ఒక్క నీటి చుక్క కూడా రాకూడదు, వస్తే ఎగిరి మీద పడుతుంది. గుండు చుట్టే గుడ్డకు తేనెమైనం, ఆముదం కలిపిన ముద్ద రాశాను. ఇక్కడివాళ్లలోనూ కొందరు ఆముదమే వాడతారు.

మార్చి 2

మొదటిసారి పేల్చాను.

క్రమం చెబుతాను. 60 గ్రెయిన్ల త్రీ ఎఫ్ తుపాకీ మందు (ఎఫ్‌లు పెరిగేకొద్దీ పలుకు సన్నం). డబ్బా నుంచి కానీ కొమ్ము నుంచి కానీ నేరుగా గొట్టంలోకి పోయకూడదు, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలోదంతా పేలుతుంది. కొలగిన్నెలోకి, దాన్నుంచి గొట్టంలోకి. తర్వాత గుడ్డతో గుండు, దట్టించే కర్రతో అడుగుదాకా. కర్ర మీద రెండు గీతలు గీసుకున్నాను: ఖాళీ గొట్టానికి ఒకటి, మందూ గుండూ ఉన్నప్పటికి ఒకటి. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఉంటే గొట్టమే చీలవచ్చు. చివరగా పాన్‌లో, అంటే లాక్ మీది చిన్న గిన్నెలో, చిటికెడు ఫోర్ ఎఫ్. పక్కన గొట్టంలోకి పోయే చిన్న రంధ్రాన్ని దానితో పూడ్చకూడదు. పూడిస్తే మంట ఎగిరి లోపలికి పోదు, వత్తిలా కాలుకుంటూ పోతుంది, ఆలస్యమవుతుంది.

నిప్పు రాతిలోంచి వస్తుందని చిన్నప్పటి నుంచి అనుకున్నాను. రాయి చేసేది గీకడమే. ఎదురుగా ఉన్న ఫ్రిజన్ అనే ఉక్కు పలక నుంచి ఊడిన రవ్వలు గాలిలో మండుతాయి. అందుకే రాయి అంచు పదును తగ్గితే రవ్వలు తగ్గుతాయి.

మొదటి ఐదూ పాతిక గజాల్లోనే చెల్లాచెదురయ్యాయి. రేంజ్‌లో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు నా వెనక నిలబడి చూసి, నాకు చెప్పకుండా పాన్‌లో మందు లేకుండానే తుపాకీ చేతికిచ్చారు. రాయి కొట్టగానే గొట్టం మూర దూరం ఊగింది. మంట ముఖం ముందు లేస్తుందని ముందే బెదురుతున్నాను. గుండు కాగితాన్ని చేరేదాకా గురి వదలొద్దన్నారు. ఇంట్లో రాయి బదులు చెక్కముక్క బిగించి రోజూ యాభైసార్లు మీట నొక్కుతున్నాను.

బొబ్బిలి బుర్రకథ వింటూ పెరిగినవాణ్ణి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర ఫ్రెంచి సేనాని బుస్సీ సైనికుల చేతుల్లో ఉన్నవీ చెకుముకి తుపాకులే. శిక్షణ ఉన్నవాడు నిమిషానికి రెండు మూడుసార్లు పేల్చేవాడు. నాకు ఒక్కసారికే మూడు నిమిషాలు పట్టింది.

మార్చి 16

మాట్లాడుతూ మందు పోయకుండా గుండు దట్టేశాను. రంధ్రంలోంచి ఫోర్ ఎఫ్ కొద్దికొద్దిగా ఎక్కించి, గుండు అడుగునే ఉందని కర్రతో మళ్లీ నొక్కి చూసి, మట్టిగట్టు వైపు పేలిస్తే బయటికొచ్చింది. ఇకనుంచి దట్టించేటప్పుడు నోరు మూసుకోవడమే.

గుండ్లు చెల్లాచెదురవడానికి రెండో కారణం నేల మీద దొరికింది. పేలిన గుడ్డముక్కలు ఏరి చూస్తే అన్నీ గుండ్రంగా ఒకే చోట తెగి ఉన్నాయి. గొట్టం మూతి అంచు మరీ పదునుగా ఉంది. సన్నటి గరుకు కాగితాన్ని బొటనవేలి కింద పెట్టి తిప్పుతూ అరగంట నునుపు చేశాను. గుడ్డ మందం 0.015 అంగుళం నుంచి 0.018 అంగుళానికి మార్చాను.

మార్చి 30

70 గ్రెయిన్లు, కొత్త గుడ్డ, 50 గజాలు. ఐదు గుండ్లూ రెండుంబావు అంగుళాల్లో పడ్డాయి, కానీ మూడంగుళాలు కిందికి. గొట్టం ముందు కొసనున్న సైట్‌ను (గురి చూసే మొనను) ఆకురాయితో రాస్తే గుండు పైకి వస్తుంది. నాలుగు రాతలకోసారి పేల్చి చూస్తూ ఒక అంగుళం దాకా తెచ్చి ఆపాను. తీసిన ఇనుము తిరిగి రాదు. మిగతాది జూన్‌లో ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్‌కు వెళ్లేలోపు చూస్తాను. 1933లో పెట్టిన జాతీయ మజిల్ లోడింగ్ (మూతి నుంచి మందు దట్టించే తుపాకుల) సంఘం పోటీలు అక్కడే జరుగుతాయి.

సాయంత్రం గోరువెచ్చటి నీళ్లతో గొట్టం కడిగాను. గంధకం వాసన వంటగదిదాకా వచ్చింది, అచ్చం దీపావళి మర్నాటి మా వీధి వాసన. నూనె గుడ్డ దింపి పెట్టాను. రేపు పొద్దున ఇంకో తెల్లగుడ్డ దింపి, ఎర్రగా వస్తే మళ్లీ కడగాలి.